ఏ పచ్చ అన్నా?

మా వియ్యపురాలు పోయింది. పొద్దున్నే బీరంగూడలో మా ఇంటి కిటికీ దగ్గర కుండీలో మట్టి చూస్తుంటే పోతిరెడ్డిపల్లి నుంచి బిడ్డ ఫోన్ చేసింది. "నాయినా, అత్తమ్మ ఇగ లేదు" అంది. నా వేలు ఇంకా మట్టిలోనే ఉంది. అలా వేలు పెట్టి చూడడం నాకు నేర్పింది ఆమే.

నేను ఎవరినీ ఊరికే పొగడను. ఈమెను పొగుడుతాను.

ఆ కుండీలోది పీస్ లిల్లీ. వియ్యపురాలి ఇంటి నుంచి పిలక తెచ్చి నా భార్య పెంచింది. భార్య పోయాక ఆమె చేతి ప్రాణం ఇంట్లో అదొక్కటే మిగిలింది. దాన్ని చావనిచ్చేది లేదనుకున్నాను. వరి పండించినవాణ్ణి, కుండీ మొక్క నాకో లెక్కా?

కింది ఆకులు రంగు మారితే వియ్యపురాలికి ఫోన్ చేశాను.

"చెల్లె, ఆకులు పచ్చగైనయి."

"మంచిదే గదనే అన్నా. ఇంకేం గావాలె?"

ఆమె అంత తేలిగ్గా అనేసరికి పెద్ద రోగం కాదనుకున్నాను. వరికి చేసేదే చేశాను. నిండుగా నీళ్లు, పిడికెడు యూరియా. ఆకులన్నీ వాలిపోయాయి.

బిడ్డను దింపడానికి వచ్చినప్పుడు ఆమె కుండీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గిదా నువ్వన్న పచ్చ? గిది పసుపుపచ్చ. నేను ఆకుపచ్చ అనుకున్న."

"పచ్చ అంటే గిదే. పచ్చకామెర్లు అంటరా, అనరా?"

"మరి నీ వరి పచ్చగుందంటే కామెర్లొచ్చినట్టా?"

కుండీని ఆమె ముందుకు జరిపాను.

మొక్కను పెరికి చూపించింది. వేర్లు నల్లబడి వాసన కొడుతున్నాయి. "పొలం నీళ్లను తాగుతది అన్నా. కుండి నీళ్లల్ల మునుగుతది" అంది. కుళ్లినవి కత్తెరతో తీసేసి, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కొత్త మట్టిలో పెట్టింది. "యూరియా బంద్. వేలు వెట్టి సూడు, పొడిగుంటెనే పొయ్యి." ఫిల్టర్ మిషన్ వదిలేసే నీళ్లు పోస్తున్నానని తెలిసి ఇంకోసారి తిట్టింది. "బోరు నీళ్ల ఉప్పంత అండ్లనే ఉంటది. కొసలు మాడక ఏమైతయి?" వాన నీళ్లు పట్టిపెట్టుకోమంది. మొక్క బతికింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఆకు రంగు మారినా నా దగ్గరికే వస్తారు. ముందు మట్టి చూపించమంటాను.

ఆ తర్వాత ఫోన్‌లో బాగున్నావా అని అడగడం మానేసింది. "ఏ పచ్చ అన్నా?" అనేది.

జబ్బుపడి దవాఖానలో చేరితే చూడబోయాను, మంచం మీద కూడా అదే అడిగింది. అబద్ధం చెప్పడం నాకు రాదు.

"ఒక ఆకు మళ్ల పసుపుపచ్చ అయింది చెల్లె."

"పాతదా, కొత్తదా?"

"అడుగుది. పాతది."

"పాతాకు వోతది అన్నా. దానికి మందు లేదు, పరేషాన్ గాకు. కొత్తాకు సూడు."

కొత్తాకు అప్పటికి బీడీలా చుట్టుకునే ఉంది. రంగు చెప్పలేకపోయాను. మేం మాట్లాడుకున్న ఆఖరి మాట అదే.

దినాలు అయిపోయి ఇంటికి వచ్చిన మర్నాడు బిడ్డ ఫోన్ చేసింది. తిన్నావా అని అడగలేదు.

"ఏ పచ్చ నాయినా?"

కిటికీ దగ్గరికి నడిచాను. పాత ఆకు కుండీ అంచు మీదికి వాలి ఉంది. దాని పైన కొత్తది పూర్తిగా విప్పుకుంది. పొద్దుటి ఎండ వెనక నుంచి పడి, దాని ఈనెలన్నీ కనిపిస్తున్నాయి.

"ఆకుపచ్చ బిడ్డా" అన్నాను.