నాచేత ఏ పనీ చేయించరు

నాకు డెబ్భై రెండేళ్ళు. రొమ్ములో గడ్డ కోసి తీసేశాక కీమో ఎక్కించాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అంతే, బిలాస్‌పూర్ శివారు ఉస్లాపూర్‌లో మా వీధి వీధంతా డాక్టర్లయిపోయారు. అందరికన్నా పెద్ద డాక్టరు మా పక్కింటావిడ. వాళ్ళదీ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయిన కుటుంబం. గోడ మీంచి తల పెట్టి, "ఈ వయసులో ఆ మందులేటమ్మా నీకు? జుట్టూడిపోద్ది, వొంట్లో సత్తువ పోద్ది. ఏదో ఇంత పప్పన్నం తినీసి రామా అనుకోక" అంది.

నాకు ఒళ్ళు మండింది. రామా అనుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. అది ఆవిడ చెప్పాలా? నాకు బతకాలని ఉంది. మనవల పెళ్ళిళ్ళు చూడాలనో, కాశీ వెళ్ళాలనో కాదు. పొద్దున్నే టీ పెట్టుకుని తాగి, షేర్ ఆటో ఎక్కి బుధవారీ బజారుకు పోయి, లాల్ భాజీ, అదే ఎర్ర తోటకూర, కట్ట చిన్నదిగా ఉందని దెబ్బలాడి తెచ్చుకోవాలని ఉంది. ముప్ఫై ఏళ్ళవాళ్ళని ఎందుకు బతుకుతావని ఎవరూ అడగరు. నన్ను మాత్రం వీధిలో ప్రతివాళ్ళూ అడిగారు.

ఇంట్లో మేం ముగ్గురం. మా అబ్బాయి గూడ్స్ బండి నడుపుతాడు. ఎప్పుడు ఇంట్లో ఉంటాడో వాడికే తెలీదు. కోడలు ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, స్కూల్లో లెక్కలు చెబుతుంది. కాబట్టి ఆస్పత్రికి నాతో వచ్చేది కోడలే. పక్కింటావిడ కూడా తోడొచ్చింది, తోడు కన్నా సమాచారం కోసం.

డాక్టరమ్మ చిన్నది. హిందీలో నెమ్మదిగా చెప్పింది. డెబ్భై దాటినవాళ్ళకి వయసొక్కటే చూసి కీమో ఇవ్వడమో మానడమో చెయ్యరట. మనిషి తన పనులు తను ఎంతవరకు చేసుకోగలదో కూడా చూస్తారట. దాన్నిబట్టి మందు తట్టుకుంటుందో లేదో అంచనా వేస్తారట. "సిస్టర్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు చెప్పండి" అని మమ్మల్ని బయటికి పంపింది.

బయట బెంచీల నిండా జనం. సిస్టర్ కాగితం మోకాలి మీద పెట్టుకుని, "వంట ఎవరు చేస్తారు?" అని మొదలుపెట్టింది. కోడలు నన్ను నోరు విప్పనివ్వలేదు.

"నేనే. అత్తయ్యని వంటింట్లోకే రానివ్వను."

"బజారుకి వెళ్తారా?"

"అయ్యో, ఈ వయసులో పంపుతామా?"

"మాత్రలు?"

"టైముకి నేనే చేతికిస్తాను."

"స్నానం?"

"నీళ్ళు తోడి పెట్టి పక్కనే నిలబడతాను." చివరికి బెంచీలవాళ్ళందరికీ వినపడేలా, "మేం ఆవిడచేత ఏ పనీ చేయించం" అని ముగించింది.

ఆ రోజు పొద్దున నేను ఆనపకాయ పులుసు పెట్టి, కోడలికి టిఫిన్ డబ్బా కట్టి, ఆపరేషనైన వైపు ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవకపోతే కుడిచేత్తోనే మేడ మీద బట్టలారేసి మరీ వచ్చాను.

మరెందుకు ఊరుకున్నానంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు బాగుంది. మా వాళ్ళలో అత్తగారు వండి పెడుతోందని నలుగురిలో ఒప్పుకోవడం కోడలికి తలవంపులు. పేరంటాలకు వెళ్ళినప్పుడు మా కోడలు ఈ పాఠం ఎప్పుడూ అప్పజెబుతుంది, నేను మహారాణిలా మొహం పెట్టుకుని వింటాను. ఆస్పత్రిలోనూ అదే మొహం పెట్టాను. పక్కింటావిడ మొహం చిన్నబోవడం చూసి ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను.

డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అమ్మగారు అన్నిటికీ మీ మీదే ఆధారపడ్డారు. కీమో ఇస్తే రోగం తిరగబెట్టే భయం తగ్గేది. కానీ ఇంత నీరసంగా ఉన్న మనిషికి ఇస్తే మంచాన పడతారు. మాత్రలతోనే సరిపెడదాం" అంది.

ఆటోలో మా ఇద్దరి మధ్యా పక్కింటావిడ కూర్చుంది. దారిపొడుగునా "నాను సెప్పలే?" అంటూనే ఉంది. ఇంటికొచ్చి తలుపేసుకునేదాకా మేం మాట్లాడుకోలేకపోయాం.

"పద, ఎల్లి నిజం సెప్పీసొద్దాం" అన్నాను.

"ఎలా చెప్తానత్తయ్యా? లోగ్ క్యా కహేంగే? మత్లబ్, అత్తగారు వండితే తిని స్కూలుకి పోతోందనరా? మా అమ్మకి తెలిస్తే నన్ను బతకనిస్తదా?"

"నిజం సెప్తే నీ పరువు పోద్ది. సెప్పకపోతే నా పేనం పోద్ది. నువ్వు లెక్కల టీచరివి కదా, ఏది పెద్దదో నువ్వే సెప్పు."

కోడలు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వేడి చేద్దామని పెట్టిన పొద్దుటి పులుసు పొయ్యి మీద మాడి వాసన వచ్చేదాకా ఇద్దరికీ తెలివి రాలేదు.

రెండు రోజుల తర్వాత పక్కింటావిడ కళ్ళుగప్పి ఇద్దరమే వెళ్ళాం. కోడలు డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "మొన్న నేను చెప్పినవన్నీ అబద్ధాలు డాక్టర్. వంట అత్తయ్యే. బజారు అత్తయ్యే. నా డబ్బా అత్తయ్యే కడతారు. నా చీరలకి ఫాల్స్ కూడా ఆవిడే కుడతారు" అని ఏకరువు పెట్టింది.

అంత నిజం నేను భరించలేకపోయాను. "కూరలు తరిగేది తనే" అన్నాను. "రొట్టెల పిండి కూడా తనే కలుపుతుంది."

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి" అంది డాక్టరమ్మ.

ఈసారి ఆవిడే పరీక్ష పెట్టింది. కుర్చీలోంచి లేచి, నేల మీది గీత దాకా నడిచి తిరిగి రమ్మంది. నేను గీత దాటి వరండా చివరిదాకా పోయి వచ్చాను. తర్వాత గడియారం బొమ్మ వేసి పదకొండుంపావు చూపించమంది. పగలా, రాత్రా అని అడిగాను. కాలం చేసిన మా ఆయన గూడ్స్ గార్డు. ఆయన డ్యూటీలతో మా ఇంట్లో రాత్రి పదకొండుంపావు అనే మాటే లేదు, ఇరవై మూడు పదిహేను అనేవాళ్ళం. అందుకని బొమ్మలో ఇరవై నాలుగు అంకెలూ ఇరికించాను. డాక్టరమ్మ మొహం మారిపోయింది.

"అది రైల్వే టైము డాక్టర్!" అంది కోడలు గాభరాగా. "బుర్ర బాగానే ఉంది. కావాలంటే దెబ్బలాడి చూడండి."

డాక్టరమ్మ నవ్వేసి, మూడు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు రాసింది. నన్ను రక్తపరీక్షకి పంపి, కోడలితో విడిగా ఏదో మాట్లాడింది.

మొదటి కీమో ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. ఇంతేనా అని గొప్పలు పోయాను. నాలుగో రోజుకి గొప్పలు దిగాయి. కాళ్ళు నావి కావు. మూడో వారానికి జుట్టు దిండు మీద ఉంది, నేను పక్కన ఉన్నాను. అన్నిటికన్నా అన్యాయం నాలుకది. నెయ్యి, ఆవకాయ, మంచినీళ్ళు, అన్నీ ఇనప రుచే. వంట, బజారు, బట్టలు అన్నీ కోడలి మీద పడ్డాయి. ఆ మహాతల్లి స్కూలుకి వెళ్ళేముందు, వచ్చాక, ఒక్క విషయం మాత్రం వదలలేదు.

"అత్తయ్యా, ఉప్పు చూద్దురుగాని రండి!"

మా ఇంట్లో ఉప్పు చూసేది ఎప్పుడూ నేనే. అయితే మాత్రం, చెంచాతో మంచం దగ్గరికి తేవచ్చు కదా? తేదు. పొయ్యి దగ్గర నిలబడి పిలుస్తూనే ఉంటుంది. పప్పుకోసారి, కూరకోసారి, చారుకోసారి. గోడ పట్టుకుని, తిట్టుకుంటూ, వంటింటిదాకా నడిచేదాన్ని. రుచి తెలియట్లేదని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఒక్క ఉద్యోగమే కదా మిగిలింది. అందుకని నాలిక మీద వేసుకుని, ఆలోచించినట్టు నటించి, "ఇంకో అర చెంచా ఎయ్యి" అనేదాన్ని. కోడలు ఉప్పుడబ్బా తీసేది.

ఒకరోజు అలా గోడ పట్టుకుని వస్తూంటే పక్కింటావిడ కళ్ళబడ్డాను. మా గుమ్మంలోనే నిలబడి, "మంచానున్న మనిషిని పొయ్యి కాడికి నడిపిస్తన్నావేటే? ఇదేటి పద్ధతి?" అని కోడల్ని కడిగేసింది. వీధిలో ఇద్దరు ముగ్గురు విన్నారు. కోడలు తలొంచుకుంది గాని, "అత్తయ్యా, చారు కూడా చూసీయండి" అంది. నాకూ కోపమొచ్చింది. పక్కింటావిడ వైపు మాట్లాడాలనిపించింది నా జీవితంలో అదొక్కసారే.

నాలుగో కీమోకి ముందు డాక్టరమ్మ మళ్ళీ ఆ కాగితం తీసింది. "వంట ఎవరు చేస్తున్నారు?"

ఈసారి నేనే చెప్పాను. "కోడలు. అన్నీ కోడలే. నాచేత ఏ పనీ చేయించదు."

"అలా రాయకండి" అంది కోడలు. "ఉప్పు అత్తయ్యే చూస్తారు."

"నోటికి రుచి తెలుస్తోందా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది. ఇక దాచలేకపోయాను. మొదటి కీమో నుంచీ ఏమీ తెలియట్లేదని చెప్పి, కోడలి వైపు చూడలేక కిటికీ వైపు చూశాను.

"నాకు తెలుసత్తయ్యా" అంది కోడలు. "మొదటి వారం ఆ పప్పు తిని మీ అబ్బాయి చెంబుడు నీళ్ళు తాగారు."

"అయితే నేనెయ్యమన్న ఉప్పు?"

"అప్పట్నించీ డబ్బాలోంచి చెంచాతో తీసి, మీరటు తిరగ్గానే మళ్ళీ డబ్బాలోనే వేసీదాన్ని."

"మరి నన్నెందుకు పిలిచీదానివే?"

"మంచం మీదే ఉంచెయ్యొద్దు, రోజూ నడిపించు, లేకపోతే మందు ఆపాల్సొస్తుందని మొదట్లోనే డాక్టర్ చెప్పారు. ఊరికే నడవమంటే మీరు నడుస్తారా? ఉప్పంటే లేచి వస్తారు."

పేరంటంలో పరువు పోతుందని డాక్టరుకే అబద్ధం చెప్పిన పిల్ల, మా గుమ్మంలో వీధి అంతా వినేలా ఆ మాటలు పడి తలొంచుకు నిలబడింది. అప్పుడు నేను పక్కింటావిడ పక్షాన ఉన్నాను. అది గుర్తొచ్చి నాకు ఏడుపాగలేదు. డాక్టరమ్మ కలం పట్టుకుని, "మరి వంటకి ఎవరి పేరు రాయను?" అంది.

"అత్తయ్యదే రాయండి" అంది కోడలు.

నాలుగోది కూడా ఎక్కించారు. ఇంటికొచ్చి మంచమెక్కి దుప్పటి కప్పుకున్నానో లేదో, వంటింట్లోంచి పిలుపు వచ్చింది. తిట్టుకుంటూనే లేచాను.