గేదె దగ్గర నిలబడటం నేర్పినాయన

మా పశువుల ఆసుపత్రి అటెండరు పోయారు. పోయిన నెల, ఘంటసాల దగ్గర వాళ్ల ఊళ్లో. కబురు చెప్పింది ఓ పాడి రైతు. ఆయన దగ్గర పని నేర్చుకుని డాక్టర్లమైపోయిన మాలో ఒక్కడికీ ఆయన జబ్బుపడ్డ సంగతే తెలియదు. అంత గొప్పవాళ్లం.

తొంభైల చివర్లో మేం నలుగురం కాలేజీ నుంచి దివిసీమలోని ఆ ఆసుపత్రికి శిక్షణకు వచ్చాం. తెల్ల కోట్లు, కొత్త బూట్లు. పశువును అదుపు చేయడమెలాగో బోర్డు మీద బొమ్మలు గీసి ఏడాదిపాటు నేర్పిన మా ప్రొఫెసరుగారు, గేదె తోక ఊపితే రెండడుగులు వెనక్కి వేసే మనిషి. మేం ఆయనకు తగ్గ శిష్యులం.

అటెండరు మొదటిరోజే మా కోట్లు విప్పించారు. "డాక్టరుగారండీ, అది బెదిరేది మీ సూదికి కాదండి, మీ కంగారుకి. ముందు కాసేపు ఊరికే నించోండి." ఆయన గేదె మెడ మీద అరచేయి ఆనించి, దాని ఊపిరి నెమ్మదించాకే ముకుతాడు అందుకునేవారు. ఎంత పొగరు గేదెనైనా "అమ్మా, ఇటు తిరుగు" అనేవారు.

ఓరోజు ప్రొఫెసరుగారు మా పని చూడటానికి వచ్చారు. చూడి పరీక్షకు తెచ్చిన గేదె, కదలకుండా నిలబెట్టే ఇనప గొట్టాల బోనులోకి రానంది.

"కర్ర తీసుకోండయ్యా, టైము వేస్టు!"

"కొంచెం ఆగండి సార్, అదే వస్తుందండి," అంటున్నారు అటెండరు. కర్ర నేనే తీశాను. దెబ్బ పడగానే అది తిరగబడి నన్ను గోడకేసి అదిమింది. ప్రొఫెసరుగారు గదిలోకి పరుగెత్తి తలుపేసుకున్నారు. అటెండరు దాని కొమ్ములకీ నాకూ మధ్య దూరి, మెల్లగా మాట్లాడుతూ దాన్ని పక్కకి తిప్పారు. ఆయన పాదం గిట్ట కింద నలిగింది.

తలుపు తీసుకుని బయటికొచ్చిన పెద్దమనిషి, అటెండరు నిర్లక్ష్యమని రిపోర్టు రాశారు. సాక్షిగా సంతకం పెట్టమన్నారు. నా మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. పెట్టాను.

అటెండరును బంటుమిల్లి వైపు బదిలీ చేశారు. వెళ్లే రోజు కుంటుతూ నా దగ్గరికొచ్చారు. "మీరు పలుపు ముడి తప్పేస్తున్నారండి. ప్రాణం మీదికొస్తే ఒక్క లాగుకి ఊడిరావాల. ఇటివ్వండి." నాచేత పదిసార్లు ముడి వేయించారు. సంతకం ఊసెత్తలేదు. తప్పయిందనడానికి నాకు నోరు రాలేదు. తరవాత ఇన్నేళ్లలోనూ రాలేదు.

పెద్దకర్మకి వెళ్లాను. రిటైరైన ప్రొఫెసరుగారూ వచ్చారు. పేడ వాసనకి ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, "పశువుల్ని పట్టడం అతనికి నేర్పింది నేనేనయ్యా," అంటున్నారు ఎవరితోనో.

"అబద్ధం సార్," అన్నాను. "ఆ రిపోర్టూ అబద్ధమే. సంతకం పెట్టింది నేను." అందరూ ఇటు తిరిగారు. ఆయన ముఖం మాడ్చుకుని కారెక్కారు.

అటెండరు భార్య నావైపు చూశారు. "ఇప్పుడెందుకు బాబూ అయ్యన్నీ? గేదె పాలు చేపే వేళయింది," అని పాకలోకి వెళ్లారు.

ఆ గేదె ఆయన చెయ్యి తప్ప మరో చెయ్యి ఎరగదట. ఆమె దండెం మీది ఆయన ఖాకీ చొక్కా చీర మీదే తొడుక్కుని, తపేలా పట్టుకుని పొదుగు దగ్గర కూర్చున్నారు. గేదె మెడ తిప్పి, ఆ చొక్కా చేతిని చాలాసేపు వాసన చూసింది.