ఊటనీటి గ్లాసు

కాలువ తూములు ఎత్తీ దించీ రిటైరైన లస్కరు ప్రకాశరావు రోజూ తెల్లారగానే లుంగీ ఎగగట్టి, బోటు షికారు కోసం రిసార్టు వాళ్ళు డ్రెయినుకు అడ్డంగా వేసిన మట్టిగట్టు దిగుతాడు. కింద కారే ఊటను గాజుగ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూస్తాడు. తేటగా ఉంటే భయం లేదు. ఈవేళ గ్లాసు అడుగున మన్ను పేరుకుంది. అంటే గట్టు లోపల్లోపలే కరుగుతోంది. దాని కిందే అతని పేట, పాతిక ఇళ్ళు. ఆ గ్లాసును తీసుకెళ్ళి రిసార్టు యజమాని అమ్మిరాజు టిఫిను బల్ల మీద పెట్టాడు.

“గట్టు పోయేలా ఉందండి. నీళ్ళు దించెయ్యండి.”

“ఆదివారం బుకింగులున్నాయి. మీ పేటోళ్ళకి ఎప్పుడూ ఏడుపేనయ్యా!” అమ్మిరాజు గ్లాసును గడ్డిలో ఒంపేశాడు.

ప్రకాశరావు గట్టుకున్న తూము దగ్గరికి నడిచి, నీళ్ళను ఆపిన అడ్డుపలకలు ఒక్కొక్కటే పైకి లాగసాగాడు.

“పోలీసుల్ని పిలుస్తా!”

“ఆయ్, పిలవండి. వాళ్ళొచ్చేసరికి మీ బోట్లు బురదలో ఉంటాయండి, మా పిల్లలు ఇళ్ళల్లో ఉంటారు.”