కమిలిన చేతి సాక్ష్యం

మా ఇంటి ఆడవాళ్ల కీళ్లు వదులు. బొటనవేలు వెనక్కి వంచితే మణికట్టుకు తాకుతుంది. అటక మీది జాడీ దించబోతే భుజం జారుతుంది. మంచం కోడు తగిలితే చాలు, పిక్క మీద వంకాయరంగు మచ్చ లేస్తుంది. మిర్యాలగూడలో మా అమ్మకుంది, సూర్యాపేటలో నాకుంది, నా బిడ్డకూ వచ్చింది. పెళ్లి కాకముందు ఓసారి పట్నం డాక్టరుకు చూపించుకున్నాను. రక్తం తక్కువ, ఇనుము టానిక్కు తాగమన్నాడు. నా రక్తం సంగతి సరే, మీ పరీక్ష సంగతేమిటన్నాను. టానిక్కు మాత్రం తాగాను. పళ్లు నల్లబడ్డాయి కానీ కీళ్లు బిగియలేదు.

అందుకని మా వైద్యం మేమే చేసుకునేవాళ్లం. బిందె తలకెత్తుకోం. మోకాలికి పాతచీర పేలిక చుట్టుకుంటాం. భుజం జారితే బోర్లా పడుకుని చేయి మంచం మీంచి వేలాడేస్తాం, మెల్లగా అదే ఎక్కుతుంది. ఎముకలు కట్టేవాణ్ణి గడప తొక్కనివ్వం. వాడు లాగితే జారనివి కూడా జారతాయి. ఇక బయటివాళ్లకు చెప్పడమంటారా, మా అమ్మ కాలం నుంచీ ఆ మాటే లేదు. చెబితే పిల్లను చేసుకునేదెవరు?

నిజాం మీద పోలీసు చర్య జరిగిన తర్వాతి ఎండాకాలం. ఎవరు ఎవరి మీద ఏం చెప్పారోనని ఊళ్లన్నీ ఓరకంట చూసుకుంటున్న రోజులు. నాకా చూపు పుట్టుకతోనే ఉందంటారు మావాళ్లు. బస్సులు సరిగా తిరగడం మొదలవగానే కోదాడ వెళ్లాను, కొత్తగా కాపురానికి పోయిన బిడ్డను చూడటానికి. మజ్జిగ అందిస్తుంటే దాని రవిక చేయి పైకి జరిగింది. దండచేతి మీద నాలుగు వేళ్ల గుర్తులు.

"ఎవరు పట్టుకున్నరు?"

"బాయికాడ కాలు జారిందమ్మా. పడకుండ అత్తమ్మ పట్టుకున్నది."

"గట్లనా. నీ మొగుడు యాడికి పోయిండు?"

"మిల్లుకు. ఎందుకడుగుతున్నవ్?"

చిక్కు అక్కడే. ఇంకో ఇంటి పిల్లైతే ఆ గుర్తులు చూపించి పంచాయితీ పెట్టించేదాన్ని. మా ఒంటి మీది గుర్తు దేనికీ సాక్ష్యం కాదు. కొట్టినా కములుతుంది, కాపాడినా కములుతుంది. పిల్ల చెబుతున్నది నిజమా, భయమా? నిజమైతే ఉంచి రావాలి. కాకపోతే వచ్చిన బస్సులోనే తీసుకుపోవాలి.

రెండు మూడు రోజులుండి కనిపెట్టాను. అల్లుడు నాతో నేల చూస్తూ మాట్లాడతాడు. అది సిగ్గా, తప్పు చేసిన మొహమా? వియ్యపురాలు జగ్గయ్యపేట వైపు మనిషి, మాటమాటకీ ఓ 'అండీ' తగిలిస్తుంది. అంత తియ్యగా మాట్లాడేవాళ్లను నేను నమ్మను. కోడలి కంచంలో నెయ్యి ధారగా పోసింది. రోజూ పోస్తుందా, నేనున్నానని పోసిందా?

ఇలా లాభం లేదని ఓ సాయంత్రం వంటింట్లో ఆవిడ ముందు చేయి చాచాను.

"వదినా, బాయికాడ పిల్లను ఎట్ల పట్టుకున్నవో నన్ను గట్లనే పట్టు."

"ఇదేం చోద్యమండీ, వదినగారూ!"

"చోద్యమే. పట్టు."

మొహమాటంగా పట్టుకుంది.

"పడిపోయేదాన్ని గింత మెల్లగ పట్టినవా?"

కాస్త బిగించింది.

తెల్లారేసరికి నా దండచేతి మీదా నాలుగు వేళ్లు. బిడ్డను పక్కన నిలబెట్టి రెండు చేతులూ కలిపి చూశాను. గుర్తుల మధ్య ఎడం ఒకటే. అల్లుడివి అరటికాయల్లాంటి వేళ్లు, ఇవి అవి కావు. పట్టుకున్నది వియ్యపురాలే. ఎందుకు పట్టుకుందో మాత్రం మచ్చ చెప్పదు.

అయితే కళ్లు నాకొక్కదానికే లేవు కదా. ఆవిడ మా చేతులను మార్చి మార్చి చూసింది. 'అండీ' ఎగిరిపోయింది.

"ఓహో, ఇలా కమలడం మీ ఇంటి జబ్బా! తల్లికీ కూతురికీనా? పెళ్లి మాటలప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నీ కొడుకు గురక పెడ్తడని నువ్వు చెప్పినవా?"

"గురక్కి ఒళ్లు కమలదు వదినా! బిందె ఎత్తలేనంటే వగలు పోతోందనుకున్నాను. ఈ మచ్చలు చూసి మేం కొడుతున్నామని బావి దగ్గర ఆడవాళ్లు నా మొహమే చూడటం లేదు. నువ్వూ అదే అనుకున్నావు కదూ?"

బిడ్డ వైపు తిరిగి, ఆవిడ ముందరే అడిగాను.

"వస్తవా, ఉంటవా?"

"ఉంటనమ్మా. భుజం జారితె ఏం జెయ్యాల్నో అత్తమ్మకు జర చెప్పు. ఇన్నొద్దులు ఎవలకు కనవడకుండ గొడ్లకొట్టంల పండుకొని నేనొక్కదాన్నే ఎక్కిచ్చుకుంటున్న."

వియ్యపురాలు మంచం వాల్చింది. బిడ్డను బోర్లా పడుకోబెట్టి, చేయి కిందికి వేలాడదీసి చూపించాను.

"గుంజొద్దు. బరువుకు అదే ఎక్కుతది. నువ్వు ఊకె కూసోవాలె, గదే కష్టం."

ఆవిడ వంగి, వేలాడుతున్న చేతి కింద అరచేయి పెట్టి, నా మొహంలోకి చూసింది.

"ఇలా పట్టుకుంటే కములుతుందా?"

"తెల్లారితె తెలుస్తది" అన్నాను.

ఆ రోజు బస్సు ఎక్కలేదు.