సత్తయ్య తోటకు చిన్న బ్యాటరీ

కొల్లాపూర్ బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే బాలన్నను ఎవరు సోలార్ దీపాలు అడిగినా, ముందు మబ్బు సంగతి ఎత్తేవాడు. "ఎండ ఉన్ననాడు ఎవడన్న ఎలిగిస్తడు. రెండు దినాలు మబ్బు పట్టినా ఎలగాలె, గదీ లెక్క" అనేవాడు. పక్క దుకాణంలో బట్టలు కుట్టే నాకు ఆ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

2006 వేసవిలో సుధాకర్ వచ్చాడు. ఊరవతల మామిడితోటను గుత్తకు పట్టినవాడు. తోటలో కరెంటు లేదు. కాపలావాళ్లు కాయలు దిగేదాకా రెండు నెలలు అక్కడే గుడిసెల్లో ఉండాలి. నిరుడు దొంగలు కట్టెలతో మీదపడి ఒకడి చెయ్యి విరిచారు. అందుకే ఈసారి పెద్ద కాపలాదారు సత్తయ్య, తెల్లవార్లూ వెలుగుంటేనే తోటకు వస్తానన్నాడు.

బాలన్న సిగరెట్ అట్ట మీద లెక్క వేశాడు. తొమ్మిది వాట్ల దీపాలు మూడు, పన్నెండు గంటలు. ఒక్క రాత్రికే పన్నెండు వోల్టుల బ్యాటరీలోంచి ఇరవై ఏడు ఆంపియర్ అవర్లు పోతాయి. మబ్బు పడితే రెండో రాత్రికీ అంతే కావాలి. ఆ పైన అడుగంటా వాడితే బ్యాటరీ చస్తుంది. అందుకని వంద ఆంపియర్ అవర్లది ఉండాలి, దాన్ని నింపడానికి యాభై వాట్ల సోలార్ పలకలు రెండు.

"పలకలు రెండూ పెట్టు. వందదానికి అంత డబ్బు పెట్టను, బ్యాటరీ నలభైది చాలు" అన్నాడు సుధాకర్.

"చాలదు పటేలా. మబ్బు పడితే రెండో రాత్రి నడుమనే ఆరిపోతయ్. గట్ల నేను బిగియ్య."

సుధాకర్ బాలన్న చెంప ఛెళ్లుమనిపించాడు. వెంట వచ్చిన ఇద్దరు బల్లను తన్ని పడేశారు. రేడియోలు నేల మీద పగిలాయి. కిందపడ్డ బాలన్నను డొక్కలో తన్నారు. నేను చేతిలో కత్తెర పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేని బతుకు నాది. దెబ్బకు దెయ్యమైనా దిగుతుందంటారు, బాలన్న ఎంత? రక్తం ఉమ్మేసి, మరునాడు నలభైదే బిగించి వచ్చాడు.

ఏప్రిల్ చివర గాలిదుమారం లేచింది. మబ్బు పట్టి రెండు రోజులు సూర్యుడు కనబడలేదు. మూడోనాడు పొద్దున సత్తయ్యను ట్రాక్టర్ మీద తెచ్చారు. గొడ్డలి దెబ్బకు తల రెండుగా పగిలింది. దీపాలు ఆరిన కాసేపటికే దొంగలు మీదపడ్డారని మిగతావాళ్లు చెప్పారు.

బాలన్న నేరుగా ఠాణాకు నడిచాడు. వెంట నేనూ పోయాను.

"సారూ, నా పేరు గూడ రాసుకోండ్రి. బ్యాటరీ చాలదని తెలిసీ బిగించిన."

"చిన్న బ్యాటరీ పెడితే ఏం కేసయ్యా? పో" అన్నాడు ఎస్సై.

అక్కణ్ణుంచి శవం దగ్గరికే పోయాడు. సత్తయ్య భార్య జంగమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాచకుండా అంతా చెప్పాడు. ఆమె చెప్పు తీసి మొహం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లింది, కన్ను వాచింది. ఆపబోయిన నన్ను బాలన్నే తోసేశాడు.

కొట్టీ కొట్టీ అలిసి ఆమె ఆగింది.

"తన్నిన్రు, బయపడ్డవ్, బిగించినవ్. గది ఒప్పుకుంట. గానీ నా పెనిమిటికి ఒక్క మాట చెప్పకపోతివి కదరా! చెప్పుంటే మబ్బు పట్టిననాడు ఇంటికొచ్చి పండుకునేటోడు."