గట్టిమేళం మింగిన అగ్గిపెట్టె

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆ ఎంపీత్రీ ప్లేయర్ కొన్నాక మనుషులతో మాట్లాడటం తగ్గించేశాడు. అగ్గిపెట్టెంత ఉండేది. నల్లతాడు కట్టి మెడలో వేసుకునేవాడు. మా అక్క తాళిబొట్టును కూడా అంత భద్రంగా చూసుకోలేదు. మందుల కంపెనీ పనిమీద కడపకూ కర్నూలుకూ మధ్య బస్సుల్లో తిరిగే మనిషి కనుక దాని గొప్పతనం ఆయనకు బాగా తెలుసు. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతున్నా పాట తెగదు, క్యాసెట్టులా రీలు చుట్టుకోదు, వందల పాటలు పడతాయి. ఇవన్నీ నిజమే. కాదన్నవాళ్లను ఆయన వదిలేవాడూ కాదు. "పిట్ట కొంచెం, కూత ఘనం" అంటూ ఇంటికొచ్చిన ప్రతివాడి చెవిలో ఒక గొట్టం దూర్చేవాడు. రెండో గొట్టం పలికేది కాదు.

దాని వేషాలు మాకూ తెలుసు. ఒకే మీటకు నాలుగైదు పనులు. నొక్కితే ఒకటి, నొక్కిపట్టుకుంటే ఇంకొకటి. గోరంత తెరమీద తెలుగు పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి కాబట్టి, కావలసిన పాట దొరకాలంటే అక్కర్లేని పాటలన్నీ దాటుకుంటూ పోవాలి. పక్కన ఒక బుల్లి గొళ్లెం. అది జరిగిందంటే ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. అలిగిన కోడలు నయం, అన్నం వేళకైనా లేస్తుంది.

ఇంత ఘనమైన వస్తువును మా బావ నా పెళ్లికి మేళం చేశాడు.

"మేళగాళ్లతో శానా తలనొప్పి మామా. అవసరానికి ఒగరూ ఉండరు, కాఫీకని పోతారు. నా దాంట్లో గట్టిమేళం ఉండాది. మైకుసెట్టుకు తగిలిస్తే కల్యాణమండపం అదిరిపోతాది" అన్నాడు మా నాన్నతో. మా నాన్నది కడపలో వేరుశనగ మండీ. తూకంలో గుప్పెడు తేడా వస్తే బజారంతా వినబడేలా అరిచే మనిషి, పెద్దల్లుడి ముందు మాత్రం పిల్లి. "నీ ఇష్టమప్పా" అన్నాడు.

నాకు మాత్రం ఇది నచ్చలేదు. కారణం పెళ్లికొడుకు నాయనమ్మ. వాళ్లది కర్నూలు పక్కన కల్లూరు. అందరూ జేజి అనే ఆ పెద్దావిడకు శకునాల పట్టింపు జాస్తి. మనవడికి అంతకుముందు కుదిరిన సంబంధాన్ని, తాంబూలాలు మార్చుకునేటప్పుడు ఎవరో తుమ్మారని తెంచేసిన మనిషి. తాళి కట్టే వేళ తుమ్మూ దగ్గూ చెడ్డమాటా చెవిన పడకూడదనే కదా గట్టిమేళం వాయించేది. ఆ పెట్టె మొరాయించి మోత లేనప్పుడు ఎవడైనా తుమ్మితే నా గతి ఏమిటి? నాకు ఆ అబ్బాయి నచ్చాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, దేవుళ్లకు మాత్రం ఒక్కరినీ వదలకుండా చెప్పుకున్నాను.

జీలకర్ర బెల్లం దగ్గర అది బాగానే మోగింది. చూశారా అన్నట్టు బావ మండపమంతా కలయజూశాడు. ఆ సంబరంలో, పిల్లలు చెయ్యి పెడతారని దాన్ని వైరు నుంచి పీకి ప్యాంటు జేబులో దాచుకున్నాడు. అక్కడ తాళంచెవుల గుత్తి తగిలి ఆ బుల్లి గొళ్లెం జరిగిపోయింది.

పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అన్నాడు. తాళి నా మెడ దగ్గరికి వచ్చింది. బావ వైరు తగిలించి మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఉఫ్ అని ఊది నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పటిదాకా గోలగోలగా ఉన్న జనం ఏమైందోనని నోళ్లు మూసుకుని చూశారు. అంత నిశ్శబ్దం ఏ పెళ్లిలోనూ ఉండి ఉండదు.

అందులో ఒక ఏడుపు వినిపించింది. మా నాన్నది. కండువా నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. సొంత తమ్ముడు పోయిననాడు కూడా కంటతడి పెట్టని మనిషి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

తాళి కట్టే వేళ ఏడుపు. తుమ్ముకంటే ఘోరం. పెళ్లికొడుకు చేతులు ఆగిపోయాయి. నేను భయంతో జేజి వైపు చూశాను.

ఆవిడ లేచింది. "ఏమప్పా, ఆ అగ్గిపెట్టెను నమ్ముకొని యాడిదాకా కూచుంటావు?" అని మా బావను అడిగి, పక్కనున్న పళ్లెం బోర్లించి చెంబుతో దడదడ వాయించడం మొదలుపెట్టింది. "ఏంది చూస్తాండారు? కొట్టండి" అంది ఆడవాళ్లతో. చేతికందిన పళ్లేలూ చెంబులూ మూతలూ మోగాయి. ఆ మోతలో నా మెడలో మూడు ముళ్లు పడ్డాయి.

తర్వాత జేజి మా నాన్న దగ్గరికి పోయి నెమ్మదిగా చెప్పింది. "ఆడబిడ్డ తండ్రి ఏడ్చేది అన్ని పెండ్లిండ్లలో ఉండేదే నాయనా. మేళం ఉంటే ఇనపడదు, అంతే."

భోజనాల్లో జనం మజ్జిగన్నం కలుపుకుంటుండగా మైకులో గట్టిమేళం మోగింది. బావకు అప్పటికి ఆ గొళ్లెం సంగతి తట్టింది. ముసలివాళ్లు ఎంగిలి చేతులతో అక్షింతలకోసం వెతుక్కున్నారు. "చూస్తిరా, ఎంత క్లియర్‌గా ఉండాదో" అన్నాడు బావ.

మా నాన్నకు నామీద అంత ప్రేమ ఉందని నాకు తెలిసింది ఆ ఒక్కరోజే. మేళం సరిగ్గా మోగి ఉంటే ఆ ఏడుపు నేను జన్మలో వినేదాన్ని కాదు. ఈ మాట మా బావకు ఈనాటికీ చెప్పలేదు. చెబితే ఆ ఘనత కూడా తన అగ్గిపెట్టెదే అంటాడు.