జన్నిస్‌కు ఒక శత్రువు కావాలి

మా ఊళ్లో జన్నిస్ అంత మంచివాడు లేడు. ఆ మంచితనమే ఆయన కొంప ముంచబోయింది.

సాంతోరిని దీవిలో మా ఊరు బాగా ఎత్తున ఉంటుంది. ఇక్కడి గాలికి మనిషి టోపీయే నిలవదు, పందిరేం నిలుస్తుంది? అందుకని అసిర్తికో ద్రాక్ష తీగను నేలమీదే చుట్టలు చుట్టి బుట్టలా అల్లుతాం. గుత్తులు ఆ బుట్టలో దాక్కుని పండుతాయి. ఏటా చుట్ట మీద చుట్ట వేసుకుంటూ పోతే, ఒక మనిషి ఆయుష్షంత కాలానికి బుట్ట ముసలిదైపోతుంది. గుప్పెడు పళ్లు కూడా ఇవ్వదు. అప్పుడు దాని తల నేలకు సమంగా కోసేయాలి. వేరు చావదు, మళ్లీ చిగురిస్తుంది.

ఆ కోతకే మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. తాత నాటిన తీగను మనవడు కోయకూడదు, చెయ్యి వణుకుతుంది. స్నేహితుడూ కోయకూడదు, వాడి చెయ్యీ వణుకుతుంది. వణికిన చెయ్యి జానెడు పైకి కోస్తుంది, ఆ మోడులోకి నీరు దిగి వేరుదాకా కుళ్లుతుంది. కాబట్టి మనమంటే గిట్టనివాడే రావాలి. వాడైతే కసిదీరా నేలబారుగా కోస్తాడు. అందుకే ఇక్కడ ఇంటికో విరోధి ఉంటాడు. నాకు స్టమాటిస్ ఉన్నాడు. మా తాతలు ఒక గాడిద గురించి తగువు పడ్డారు. అది ఎవరి గాడిదో ఇప్పుడు మా ఇద్దరికీ తెలియదు, అయినా మాటల్లేవు. మా ఫాదర్‌గారు పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రతి ఆదివారం బోధిస్తారు గానీ, చర్చి తీగల కోసం పక్కూరి ఫాదర్‌తో వైరాన్ని భద్రంగా ఉంచుకున్నారు.

జన్నిస్‌కు ఎవరూ లేరు. ఎవరింట్లో గోడ కూలినా ముందు ఆయన చేతిలోనే తాపీ కనిపించేది. ఇక ఆయన తాత నాటిన తోట అంతా ఒకేసారి ముసలిదైంది. ఆయనకున్న తోట అదొక్కటే. కిందటేడు పక్కింటి ఫ్రాంగూలిస్‌ను బతిమాలి ఒక తీగ కోయించాడు. ఫ్రాంగూలిస్ రంపం పట్టుకుని ఏడ్చాడు, మోడును ముద్దు కూడా పెట్టుకున్నాడు. అది నిలువునా కుళ్లిపోయింది. ఈ చలికాలం దాటకుండా మిగతావి కోయకపోతే తోట పోయినట్టే.

నా కాఫీ కొట్లో కూర్చుని జన్నిస్ తల పట్టుకున్నాడు.

"ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి చూసిపెట్టరా. నన్ను చూస్తే ఒళ్లు మండేవాడు ఒక్కడూ దొరకడా?"

"ముందు ఎవణ్ణైనా తిట్టు మావా. ఊరికే ఎవడికి మండుతుంది?" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఫ్రాంగూలిస్ లోపలికొచ్చాడు. జన్నిస్ లేచి, ఊపిరి బిగబట్టి, "నీ వైను గాడిద కూడా తాగదురా!" అని అరిచాడు.

ఫ్రాంగూలిస్ కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్లకి నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే అన్నా. పీపా పాడైందని నాకూ అనుమానంగానే ఉంది" అని కౌగిలించుకున్నాడు. సాయంత్రం మేక జున్ను కూడా పంపించాడు.

మర్నాడు జన్నిస్ తన మేకను ఫ్రాంగూలిస్ పప్పు చేలోకి తోలాడు. అది కలుపు మొక్కలు మాత్రమే ఏరుకుని తిని వచ్చేసింది. ఆదివారం చర్చిలో ఫాదర్‌గారి పాట మధ్యలో లేచి, "మీ గొంతు పగిలిన కుండలా ఉంది" అన్నాడు. ఆయన పట్నం వెళ్లి డాక్టరుకు చూపించుకున్నారు. గొంతులో ఏదో బయటపడింది, సమయానికి వచ్చారన్నారట. తిరిగొచ్చాక జన్నిస్ పేరున ప్రత్యేక ప్రార్థన చేయించారు.

ఊరంతా జాలిపడింది, అదొక కొత్త ఇబ్బంది. జాలిపడిన చేతులు ఇంకా ఎక్కువ వణుకుతాయి. చివరికి నా విరోధినే జన్నిస్‌కు అప్పిద్దామని స్టమాటిస్‌కు ఫాదర్‌గారితో కబురు పెట్టాను. "ఆ కాఫీ కొట్టువాడికైతే రేపే వచ్చి కోస్తాను గానీ, జన్నిస్ మీద నాకెందుకు కోపం? మా అమ్మ పోయినప్పుడు శవపేటిక మోసినవాడు" అని జవాబొచ్చింది.

ఫిబ్రవరి చివరికొచ్చింది. ఒక పొద్దున జన్నిస్ తోటలో ఊరికే కూర్చుని ఉంటే, ఓదార్చడానికి నేనూ ఫ్రాంగూలిసూ వెళ్లాం. అప్పుడు వచ్చింది ఆయన భార్య అనెజీన, చేతిలో రంపంతో. ఆవిడ గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"లే, పక్కకి జరుగు" అంది.

"నువ్వా? నీకు నా మీద..." అని జన్నిస్ నవ్వబోయాడు.

ఆవిడ మోకాళ్లమీద కూర్చుని మొదటి తీగ మొదట్లో రంపం పెట్టింది. నేల గీసుకునేంత కిందికి పెట్టింది.

"తీపి వైను కోసం డాబా మీద పళ్లు ఎండబెట్టిన ఏడు వానొచ్చింది, గుర్తుందా? ఊరంతా ఎవరి డాబా వాళ్లు కప్పుకున్నారు. నువ్వేమో ఈ ఫ్రాంగూలిస్ డాబా కప్పడానికి పోయావు. నేనొక్కదాన్నే, కడుపుతో ఉన్నదాన్ని, దుప్పటి నాలుగు మూలలకీ పరిగెత్తాను." తెగిన బుట్ట పక్కకు దొర్లింది. ఆవిడ రెండోదానికి జరిగింది. "పళ్లన్నీ బూజుపట్టాయి. ఆ కడుపులోని పిల్ల పెళ్లికి తెరుద్దామనుకున్న వైనయ్యా అది. పెళ్లినాడు చెంబు పట్టుకుని మీ చెల్లెలింటికి వెళ్లి అడుక్కొచ్చాను. వచ్చేసరికి నువ్వు ఎవరింట్లోనో కుర్చీలు సర్దుతున్నావు."

వరుసంతా అలాగే సాగింది, తీగకో మాట చొప్పున. ఫ్రాంగూలిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి ఒక్కసారీ వణకలేదు. తోట చివరికి వెళ్లేసరికి తీగలు అయిపోయాయి గానీ మాటలు అయిపోలేదు.

ఏప్రిల్‌లో ఆ మోళ్లు చిగురించిన తీరు మా దీవిలో ఎవరూ చూసి ఉండరు. పక్కూళ్లవాళ్లు కూడా వచ్చి చూసి, "అబ్బ, ఏం కోపం! ఏం కోపం!" అని మెచ్చుకున్నారు. జన్నిస్ మాత్రం నా కొట్లో గ్లాసు ముట్టుకోలేదు.

"దానికి నా మీద ఇంత ఉందని నీకు తెలుసా?"

"ఊరందరికీ తెలుసు మావా."

"మరి ఒక్కరూ చెప్పలేదేం?"

"మంచివాడివి, నొచ్చుకుంటావని."

ఆయన అప్పుడు ఏడ్చాడు. నేను చూడనట్టు కప్పులు కడుక్కున్నాను.

మూడేళ్లకు ఆ తీగలు మళ్లీ కాపుకొచ్చాయి. ఆ సెప్టెంబరులో, అందరి డాబాల మీదా పళ్లు ఎండుతుండగా, సముద్రం మీదనుంచి ఒక మబ్బు వచ్చింది. ఫ్రాంగూలిస్ నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. "జన్నిస్ అన్నా! నా పళ్లు!" అని కిటికీలోంచి అరిచాడు. జన్నిస్ ఎదురు డాబా మీదే ఉన్నాడు, ఆ కేక ఆయనకు వినబడింది. తల తిప్పలేదు. దుప్పటికి రెండు మూలలు తాను పట్టుకున్నాడు, రెండు మూలలు అనెజీన పట్టుకుంది. వాన వెలిసేదాకా ఇద్దరూ దాని అంచుల మీదే కూర్చుని తడిశారు. ఫ్రాంగూలిస్ పళ్లు సర్వనాశనమయ్యాయి. ఇప్పటికీ ఆయన జన్నిస్‌తో మాట్లాడడు. మంచి విరోధం, మనవళ్లదాకా వస్తుంది.

తోట మూల రాళ్లగోడ పక్కన ఒకే ఒక్క ముసలి తీగ అనెజీన కోసిన ఏడు కోతకు తప్పిపోయింది. ఈ వాన తర్వాతి చలికాలం అనెజీనే రంపం పట్టుకుని వెళ్లింది. చాలాసేపు కూర్చుంది. చివరికి కోసింది గానీ, జానెడు పైకి కోసింది. అది కుళ్లిపోయింది.

జన్నిస్ ఊళ్లో ఒక్కర్నీ వదలకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఆ కుళ్లిన మోడు చూపించాడు.